పెదవి మీద వేలు

1946 నాటి హాలీవుడ్ చిత్రం ‘ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్’లో కథానాయకుడు అసలు పుట్టకపోయి ఉంటే అతని భార్య గతేమిటో చూపిస్తారు. పెళ్లి కాక, కళ్లజోడుతో, లైబ్రరీకి తాళం వేస్తూ కనిపిస్తుంది. లైబ్రేరియన్ కావడం అంతటి దురదృష్టమన్నమాట!

పదకొండేళ్లకు ‘డెస్క్ సెట్’ సినిమా వచ్చింది. ఒక టీవీ సంస్థ రిఫరెన్స్ విభాగంలో కథానాయిక కేథరిన్ హెప్‌బర్న్, ఆమె బృందం ఫోన్లో ఏ ప్రశ్న వచ్చినా టకటకా జవాబు చెబుతుంటారు. అక్కడికో పెద్ద కంప్యూటర్ దిగుతుంది. ఉద్యోగాలు ఊడతాయని అందరికీ దిగులు. తీరా కోర్ఫూ దీవి గురించి అడగబోయి ‘కర్ఫ్యూ’ అని టైపు చేస్తే, యంత్రం ఓ పాత పద్యాన్ని ఆపకుండా అచ్చేస్తూ పోతుంది. మనిషైతే ‘మీకు కావలసింది ఏమిటి?’ అని తిరిగి అడుగుతాడు. లైబ్రేరియన్ నేర్పంతా ఆ ఎదురు ప్రశ్నలోనే ఉంది.

2003లో సియాటిల్ లైబ్రేరియన్ నాన్సీ పెర్ల్ బొమ్మ అమ్మకానికొచ్చింది. వీపు మీద మీట నొక్కితే ‘ష్’ అన్నట్టు వేలు పెదవుల మీదికి లేస్తుంది. ఆ మూస చిత్రణకు కొందరు లైబ్రేరియన్లు నొచ్చుకున్నారు.

2004లో గూగుల్ స్కాలర్ వచ్చాక పరిశోధన వ్యాసాలు వెతకడం సులువైన మాట నిజమే. కానీ యంత్రం చెప్పిందల్లా సరిచూడకుండా నమ్మితే చిక్కే. 2023లో న్యూయార్క్ లాయర్లు చాట్‌జీపీటీ కల్పించిన తీర్పులను నిజమనుకుని కోర్టుకు సమర్పించారు. అలాంటి కేసులే లేవని తేలింది. జడ్జి 5,000 డాలర్ల జరిమానా విధించారు.