ఇంటిపై అంతస్తు: అనుమతికై పడిగాపులు
(వార్షిక మహాసభయందు చేసిన ప్రసంగము)



విద్యార్థుల వేతనములను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు ఈ వేదికపై ప్రసంగించుట ఆచారమైయున్నది. ఈ యేడు మాకు ఒప్పగింపబడిన విషయము అంత గంభీరముగా వినబడకపోవచ్చును. ఉన్న యింటిపై మఱియొక అంతస్తు వేసికొనుటకు అనుమతి యేల ఆలస్యమగుచున్నది? అందుకు మనము చేయదగినదేమి? ఇదియే ఆ విషయము. కొడుకునకు పెండ్లియై కోడలు వచ్చిన యింట రెండే గదులున్నచో ఆ సంసారమున శాంతి యెంతయుండునో ఇచటి తల్లులను అడిగిన చెప్పుదురు.

ఈ చిక్కునకు మూలము మన యిండ్లు పుట్టిన తీరునందే కలదు. 1960 దశకమున రామచంద్రాపురమునందు భారత హెవీ ఎలక్ట్రికల్సు కర్మాగారము వెలసెను. తదుపరి పటాన్‌చెరువు, బొల్లారము, పాశమైలారము పారిశ్రామికవాడలు పెరిగినవి. పని వెదకికొనుచు వచ్చిన మనవారు రైతుల చేలలో హద్దురాళ్లు పాతి అమ్మిన నూఱు, నూటయేబది గజముల తునకలను కొనిరి. ఆ లేఅవుటునకు అధికారుల ఆమోదము కలదా యని అడిగినవారు అరుదు. సర్పంచి సంతకముగల కాగితమే అనుమతి యనుకొని కట్టుకొనిరి.

ఇంతలో కచేరీలు మాఱిపోయినవి. పటాన్‌చెరువు, రామచంద్రాపురము పురపాలక సంఘములు 2007 ఏప్రిలు నెలలో మహా హైదరాబాదు నగరపాలక సంస్థలో కలిసినవి. హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ 2008లో ఏర్పడెను. అమీనుపురము, తెల్లాపురము, బొల్లారము 2018లో పంచాయతీలనుండి పురపాలక సంఘములైనవి. దస్తరములు ఒక బీరువానుండి మఱియొక బీరువాకు పోవునప్పుడు మన కాగితము దారిలో జారిపోయినను అడుగువాడు లేడు.

చట్టము మంచిది కాదని మేము చెప్పజాలము. 2020 సంవత్సరమున తెలంగాణ ప్రభుత్వమువారు గృహనిర్మాణ అనుమతులకై స్వీయ ధ్రువీకరణ చట్టమును చేసిరి. దాని ప్రకారము 75 గజములలోపు స్థలమున ఏడు మీటర్ల ఎత్తునకు లోబడిన నివాసగృహమునకు ఒక్క రూపాయి చెల్లించి నమోదు చేసికొనిన చాలును. 500 చదరపు మీటర్లవఱకు, అనగా సుమారు 600 గజములవఱకు, పది మీటర్ల ఎత్తునకు మించనిచో యజమాని మాటను నమ్మి అప్పటికప్పుడే అనుమతి నిత్తురు. అంతకు మించినవానికి 21 దినముల గడువు. ఆ గడువు దాటినను అధికారులు పలుకనిచో అనుమతి లభించినట్లే యెంచబడును.

ఇంత సులువైన చట్టముండగా మనవారికేల యేండ్లు పట్టుచున్నవి? మన సభ్యులలో నొక కార్మికుని సంగతి వినుడు. ఆయనకు నూటయేబది గజముల స్థలమున పాత యిల్లు కలదు. కుమారునికై పైన రెండు గదులు వేయదలచెను. అంతటి స్థలమున పది మీటర్లవఱకు కట్టుటకు ముందు ఒకటిన్నర మీటరు, తక్కిన మూడు ప్రక్కల ఒక్కొక్క మీటరు ఖాళీ విడువవలెనని 2012 నాటి నిర్మాణ నియమములు చెప్పుచున్నవి. ఆయన యింటి గోడలో, ఇరుప్రక్కల హద్దును అంటియే యున్నవి. క్రింది అంతస్తునకు పంచాయతీ కాగితము తప్ప వేఱు అనుమతి లేదు, లేఅవుటునకు ఆమోదము లేదు. క్రిందిది చట్టసమ్మతము కానిచో పైదానికి అనుమతి యెట్లు వచ్చును? కచేరీవారు ఈ మాటను మొదటినాడే వ్రాసి యిచ్చియుండిన ఆయనకు మూడేండ్ల తిరుగుడు తప్పియుండెడిది. రేపు రమ్మనిరి, పటము మార్చుమనిరి, పై అధికారి లేడనిరి. కుమారుడు ఇప్పుడు అద్దె యింట నున్నాడు. గడువు లెక్క దరఖాస్తునాడు మొదలగును, మన జాప్యము అంతకు ఇరువది యేండ్ల ముందే మొదలైనది.

ఇట్టి పాతలోపములను దిద్దుటకు ప్రభుత్వమువారు పథకములు పెట్టకపోలేదు. 2015 నవంబరులో అనుమతిలేని కట్టడముల క్రమబద్ధీకరణ ప్రకటింపబడెను, అది హైకోర్టు వ్యాజ్యమున చిక్కి యేండ్లకొలది నిలిచిపోయెను. 2020 ఆగస్టు 31వ తేదీన స్థలముల క్రమబద్ధీకరణకు ఉత్తర్వు వెలువడెను. వేయి రూపాయల రుసుముతో రాష్ట్రమంతట 25 లక్షలకు పైగా దరఖాస్తులు పడెను. నాలుగేండ్లకు పైగా అవి కదలలేదు. 2025లో నూటికి ఇరువదియైదు తగ్గింపు నిచ్చినపిదప కొంత కదలిక కలిగెను. రుసుము కట్టినవారు ఉత్తర్వు చేతికి వచ్చువఱకు విడువరాదు. రసీదు వేఱు, ఉత్తర్వు వేఱు.

ఈ నిరీక్షణమున విసిగి కొందఱు రాత్రివేళ స్లాబు వేయుచున్నారు. వారి బాధ మేమెఱుగుదుము. ఐనను ఒక సంగతి విన్నవింపవలసియున్నది. అధికారుల జాప్యముగాని, కాలము గడచుటగాని అక్రమ నిర్మాణమునకు రక్షణ కాదని సుప్రీంకోర్టువారు 2024 డిసెంబరు 17వ తేదీ తీర్పున స్పష్టముగా చెప్పిరి. అదే యేడు నవంబరు 13వ తేదీన, కూల్చుటకు ముందు పదునైదు దినముల నోటీసు ఇయ్యవలెననియు ఆ న్యాయస్థానమే శాసించెను. కాని రహదారులు, జలాశయములవంటి బహిరంగ స్థలములందలి కట్టడములకు ఆ రక్షణ లేదు. అమీనుపురమున 2024లో జరిగిన కూల్చివేతలను మనలో పలువురు కన్నులార చూచిరి. పది హెక్టార్లకు మించిన చెఱువు హద్దునుండి ముప్పది మీటర్లు, అంతకు చిన్నదైనచో తొమ్మిది మీటర్లు విడువవలెనను నియమము స్థలము కొనునాడే అడిగి తెలిసికొనవలసినది. స్వీయ ధ్రువీకరణయందు అబద్ధము వ్రాసినవారికి చట్టము మఱింత కఠినము.

పోషకవర్యులకు ఒక మనవి. మీ యిండ్లకు వచ్చి సిఫారసు ఫోను చేయుమని ప్రాధేయపడువారు పలువురు. మీరు దయతో చేయుచున్నారు. కాని ఒకని దరఖాస్తు ముందునకు జరిగినచో మఱియొకనిది వెనుకకు జరుగును. ఆ వెనుకనున్నవాడును మనవాడే కావచ్చును. ఆ ఫోనులకు బదులుగా లైసెన్సుగల సర్వేయరునకును, కట్టడపు బలమును పరీక్షించు ఇంజనీరునకును సంఘము పక్షమున జీతమిచ్చిన, పేద సభ్యుడు దళారికి వేలు పోయక తన యింటి లోపమును ముందుగానే తెలిసికొనగలడు. హద్దులంటిన పాతయిండ్ల విషయమున ఏదో యొక నిర్ణయము చేయుడని ప్రభుత్వమునకు మహజరు పంపుటయు సంఘముయొక్క పనియే. కుదురునో కుదురదో తెలిసిన చాలును, మనవాడు మఱియొక దారి చూచుకొనును.

భోజనానంతరము ఈ మండపపు తూర్పువరండాలో మన కులపు యువక ఇంజనీర్లు ఇద్దఱు బల్ల వేసికొని కూర్చుందురు. రిజిస్ట్రీ దస్తావేజు, పంచాయతీ కాగితము, ఇంటిపన్ను రసీదు, క్రమబద్ధీకరణ రసీదు వెంట తెచ్చినవారు వారికి చూపవచ్చును. తేనివారు తమ యింటి కొలతలు వ్రాయించి పోవచ్చును.