పొరను ఎక్కడ పెట్టాలి?



ఎవరి పేరిట ఈ ఉపన్యాసం ఏర్పడిందో ఆ మాస్టారు మాకు డిస్టిలేషన్ పాఠం చెప్పారు. బాయిలర్ ఆవిరి వృథాగా పోతుంటే ఆయన ప్రాణం ఒప్పేది కాదు. అందుకే మరిగించకుండా వేరుచేసే మెంబ్రేన్ల గురించి ఆయన సభలో మాట్లాడాలనుకున్నాను.

మెంబ్రేన్ అనగానే మనకు వంటింటి గోడకు తగిలించిన ఆర్.ఓ. గుర్తొస్తుంది. దాని వెనక ఎంతోమంది ఓపిక ఉంది. 1748లో ఫ్రాన్స్‌లో నొలే అనే శాస్త్రవేత్త సారా నింపిన పాత్ర మూతికి పంది మూత్రాశయం బిగించి నీళ్ళలో ముంచితే, నీళ్ళు లోపలికి చొరబడి పొర ఉబ్బింది. ఆ ప్రవాహాన్ని ఒత్తిడితో వెనక్కి తిప్పి, ఉప్పునీటి నుంచి మంచినీళ్ళు తీయడానికి మరో రెండు వందల ఏళ్ళు పట్టింది. సెల్యులోజ్ అసిటేట్ పొర ఉప్పును ఆపుతుందని 1950లలోనే తెలిసింది గానీ, అందులోంచి వచ్చే నీళ్ళు దేనికీ చాలేవి కావు. లాస్ ఏంజెలస్‌లో సిడ్నీ లోబ్, మన దేశం నుంచి వెళ్ళిన శ్రీనివాస సౌరిరాజన్ కలిసి ఆ చిక్కు విప్పారు. పైన అతి పలుచని పొర, కింద దాన్ని మోసే గుల్ల పొర. అంతే, నీళ్ళు ధారకట్టాయి. 1965లో కాలిఫోర్నియాలోని కోలింగా పట్టణంలో ఆ పద్ధతిలో నీళ్ళ ప్లాంటు నడిచింది. తర్వాత జాన్ కెడాట్ పాలియమైడ్ పొర తెచ్చాడు. ఇవాళ మనం వాడే మెంబ్రేన్‌లో అసలు పనిచేసే భాగం మందం మిల్లీమీటరులో సుమారు పదివేలవ వంతు.

సముద్రపు నీటి విషయంలో ఈ పురోగతి దాదాపు చివరి మెట్టుకు చేరింది. సగం నీటిని మంచినీరుగా తీయాలంటే ఘనపు మీటరుకు సుమారు ఒక యూనిట్ కరెంటు ప్రకృతి నియమం ప్రకారమే ఖర్చవుతుంది. మంచి ప్లాంట్లు మొత్తం మీద మూడు, నాలుగు యూనిట్లతో నడుస్తున్నాయి. మరింత వేగంగా నీళ్ళు వదిలే పొర కనిపెట్టినా ఆదా అయ్యేది కొంచెమే.

మరి మనం ఆర్.ఓ. ఎక్కడ పెడుతున్నాం? కృష్ణా, మంజీరా నీళ్ళు కుళాయిలో వచ్చే ఇళ్ళలో. నాలుగు బిందెలు పోస్తే మూడు బిందెలు కాలువలోకి వదిలే యంత్రాలు అక్కడ చాలానే ఉన్నాయి. లీటరుకు 500 మిల్లీగ్రాముల కన్నా తక్కువ లవణాలున్న చోట అవి వద్దని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే చెప్పింది. ఫ్లోరైడ్ ఊళ్ళ సంగతి వేరు. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్ వైద్య పత్రికలకెక్కింది. నల్లగొండ బాధ మనకందరికీ తెలుసు. నది నీళ్ళు అందని చోట అక్కడి బోరుకు ఆర్.ఓ. ప్రాణదాతే. కానీ పొర ఫ్లోరైడును మాయం చేయదు, ఒక పక్కకు నెడుతుంది. ఆ చిక్కటి రిజెక్ట్ నీటిని ప్లాంటు పక్క గుంతలో పోస్తే అది మళ్ళీ అదే భూమిలోకి దిగుతుంది. ఇది నన్ను బాధించే విషయం.

ఇక నాకు అసలైన చోటు అనిపించేది పాశమైలారం, జీడిమెట్ల, పరవాడల్లోని మందుల ఫ్యాక్టరీలు. అక్కడ సాల్వెంట్‌గా వాడేసిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నీళ్ళు కలిసి ఉంటాయి. మరిగిస్తూ పోతే ఆల్కహాల్ సుమారు 88 శాతం దగ్గర ఆగిపోతుంది. అక్కడ ద్రవంలో ఎంత నీరుందో ఆవిరిలోనూ అంతే ఉంటుంది కనుక ఇంకెంత మరిగించినా విడిపోవు. మూడో రసాయనం కలిపి మళ్ళీ మరిగించడం పాత దారి. పొరతో వేరుచేసే దారి పర్వాపరేషన్. అందులో నీటిని ఇష్టపడే పొరకు ఒక పక్క వేడి సాల్వెంట్, మరో పక్క వాక్యూమ్ ఉంటాయి. ప్రధానంగా నీళ్ళే పొరలో కరిగి, అటువైపు ఆవిరై పోతాయి. ఆ కొద్దిపాటి నీటిని ఆవిరి చేసేంత వేడి చాలు, సాల్వెంట్ మొత్తాన్నీ పదేపదే మరిగించనక్కర్లేదు. తార్నాకలోని ఐఐసీటీ పరిశోధన సంస్థలో ఈ పని ఏళ్ళుగా జరుగుతోంది. డిస్టిలేషన్ లాంటి వేరుచేసే పనులకు ప్రపంచ ఇంధన వాడకంలో 10 నుంచి 15 శాతం పోతోందని డేవిడ్ షోల్, రయన్ లైవ్లీ 2016లో అంచనా వేశారు. బొగ్గు తగ్గించాలని తపించేవాళ్ళు చూడాల్సిన చోటు ఇది.

అయితే ఫ్యాక్టరీ సాల్వెంట్ శుద్ధంగా రాదు. ఆమ్లం, తారు, ఏవేవో మిగుళ్ళు ఉంటాయి. పొర ఉబ్బుతుంది, పూడుకుపోతుంది. రూపాయి బిళ్ళంత గ్రాఫీన్ పొర ముక్క మీద వచ్చిన అద్భుత ఫలితాలు చదివినప్పుడల్లా నేను అడిగే ప్రశ్న ఒకటే: ఇది ఏడాదిపాటు అసలు మురికిలో నిలిచిందా? మామూలు ఎనిమిది అంగుళాల ఆర్.ఓ. చుట్టలో దాదాపు 37 చదరపు మీటర్ల పొర ఉంటుంది. అంత విస్తీర్ణంలో ఎక్కడా చిన్న చిల్లు పడకూడదు.

కమిటీ వారికి ఒక విన్నపం. ఈ ఉపన్యాస నిధి మీద వచ్చే వడ్డీలో కొంత ఏటా ఒక విద్యార్థి బృందానికి ఇవ్వండి. వాళ్ళు ల్యాబులో కలిపిన ద్రావణం మీద కాక, ఫ్యాక్టరీ డ్రమ్ములోంచి తెచ్చిన వాడేసిన సాల్వెంట్ మీద పొరను నెలల తరబడి పరీక్షించాలి. చెడిపోయిన రోజును కూడా రాసి ప్రచురించాలి. నమూనా ఇవ్వగల ఫ్యాక్టరీ వారు ఈ సభలోనే ఉన్నారని తెలుసు. ఉపన్యాసం అయ్యాక విద్యార్థులతో కలిసి ఇక్కడే ఉంటాను, వచ్చి పేరు రాయించండి.