మన పెట్టె శ్రుతి, మన గొంతు శ్రుతి

(శతవార్షికోత్సవ సందర్భమున జుక్కల్ సంఘ కూడికలో గాయక బృందము తరపున చేసిన ప్రసంగ పాఠము)



ఈ సాయంకాలము శ్రుతిని గురించి నాలుగు మాటలు చెప్పుమని పెద్దలు మమ్మును అడిగినారు. మేము సంగీత విద్వాంసులము కాము. పాటల పుస్తకము చేతబట్టి, పెట్టె ప్రక్కన నిలిచి పాడేవారము. అయినను ఒక నింద మమ్మును ఈ విషయము నేర్చుకొనునట్లు చేసినది. అక్కడనుండే మొదలుపెడతాము.

మన జుక్కల్ తెలుగు, కన్నడ, మరాఠీ కలిసే చోటు. ఇక్కడ పాటకు కూర్చుంటే ఒకరు "ఒకటిన్నర శ్రుతి" అంటారు, మరొకరు "కాలీ ఏక్" అంటారు. మాట వేరైనా వేలు పడేది ఒకే నల్ల మెట్టు మీద. శతవార్షిక ఆరాధన కొరకు పొరుగు సంఘముతో కలిసి మన గుడిలో పాటలు అభ్యాసము చేసినాము. వారు ఎలక్ట్రానిక్ కీబోర్డు తెచ్చినారు. మనకు కాలితో తొక్కే పాత హార్మోనియము కలదు. ఇద్దరము ఒకటిన్నరకే పెట్టినాము. పాట ఎత్తుకొనగానే చెవులు గింగురుమన్నవి. మన తల్లులు మన పెట్టెతో పాడినారు, వారి యౌవనులు తమ కీబోర్డుతో పాడినారు. చివరకు ఒకరు విసిగి, "జుక్కల్ వారికి శ్రుతి లేదు" అన్నారు. చిన్న మాటే. కాని నలభై యేండ్లుగా ముందు వరుసలో పాడుచున్న మన పెద్ద తల్లులు తరువాత మూడు ఆదివారములు నోరు విప్పలేదు. అది మాకు మిక్కిలి బాధ కలిగించినది.

అప్పుడు మేము తీర్పు చెప్పుట మాని కొలిచి చూద్దామనుకొన్నాము. ఒక కీబోర్డు అడిగి తెచ్చినాము. కాలేజీలో చదివే మన కుర్రవాడు శ్రుతి కొలిచే సాధనమున్న సెల్‌ఫోను పెట్టినాడు. కీబోర్డు నడిమి భాగమున ఆరవ తెల్ల మెట్టు నొక్కితే సెకనుకు 440 కంపనములు చూపినది. మన హార్మోనియములో అదే మెట్టు 452 చూపినది. ఫోనును నమ్మని పెద్దలు ఉన్నారు గనుక చెవితోను, గడియారముతోను కూడా సరిచూచినాము. రెండు స్థాయిల క్రింద అదే మెట్టు కీబోర్డులో 110, మన పెట్టెలో 113 కావలెను. రెండు ధ్వనులు కలిపి మ్రోగిస్తే వాటి తేడా ఎంతో, సెకనుకు అన్ని మారులు శబ్దము హెచ్చి తగ్గుచు ఊగుతుంది. పాఠ్యపుస్తకములలో వీటినే విస్పందనములు అన్నారు. లెక్కపెట్టినాము. పది సెకనులలో ముప్పది ఊగులు వచ్చినవి. మిగిలిన మెట్లు కూడా ఇంచుమించు అదే పాటిలో హెచ్చుగా ఉన్నవి. మన తల్లులు తప్పు పాడలేదు. తమ పెట్టెకు సరిగానే పాడినారు.

మరి పెట్టెది తప్పా? అదియును కాదు. శ్రుతి ఎంత ఉండవలెనో ప్రకృతి నిర్ణయించలేదు, మనుష్యులే నిర్ణయించుకొన్నారు. 1711లో ఇంగ్లండులో జాన్ షోర్ అను వాద్యకారుడు శ్రుతిదండము కనిపెట్టినాడు. హాండెల్ వద్దనున్నదని చెప్పే శ్రుతిదండము 422.5 పలుకుతుంది. ఐరోపా దేవాలయములలో ఒక ఊరి ఆర్గను శ్రుతి మరొక ఊరి ఆర్గనుకు సరిపోయేది కాదు. 19వ శతాబ్దములో వాద్యబృందములు శ్రుతిని పెంచుచు పోగా గాయకుల గొంతులు అలసినవి. అందుచేత 1859లో ఫ్రాన్సు ప్రభుత్వము 435 అని నిర్ణయించినది. ఇంగ్లండులో ఆ శతాబ్దపు చివరి భాగమున 452 ప్రాంతపు హెచ్చు శ్రుతి వాడుకలో నుండెను. అక్కడి సైనిక బ్యాండ్లు 1920ల వరకు దానినే పట్టుకొన్నవి. ఆ కాలపు పోకడలో చేసిన పెట్టె 452 పలికితే వింత లేదు. 1939లో లండనులో జరిగిన సమావేశము 440ని అంగీకరించినది. 1955లో అంతర్జాతీయ ప్రమాణముల సంస్థ దానిని సిఫారసు చేసి, 1975లో ప్రమాణముగా స్థిరపరచినది. నేటి కీబోర్డులు సాధారణముగా దానినే అనుసరిస్తాయి.

తేడాను చెప్పుటకు ఒక కొలత కావలెను. ఎకరమునకు 40 గుంటలని మనము భూమిని కొలిచినట్లే, అలెగ్జాండర్ ఎల్లిస్ 1885లో ఒక స్థాయిని 1200 సెంట్లుగా విభజించినాడు. ఒక మెట్టునుండి ప్రక్క మెట్టుకు 100 సెంట్లు. ఈ ఎల్లిస్‌కు సంగీతపు చెవి లేదని చెబుతారు. శ్రుతిదండములతో కొలిచి, మన దేశపు వాద్యములతో సహా అనేక దేశముల స్వరములను పోల్చినాడు. ఆయన లెక్కన 440కి, 452కి మధ్య దాదాపు 47 సెంట్లు, అనగా సుమారు అర మెట్టు. కాబట్టి కీబోర్డును ఒక మెట్టు పైకి జరిపినా 53 సెంట్ల తేడా మిగులుతుంది. మెట్లు మార్చుకొన్నంత మాత్రమున ఆ కలహము తీరదు.

పాత రీడ్లను మొదట గీకి శ్రుతి దించవచ్చును గాని అంత ఇత్తడి తీస్తే విరిగే భయము కలదు. కనుక కీబోర్డు శ్రుతినే 452కు పెంచినాము. ఊగులు క్రమముగా మందగించి ఆగిపోయినవి. ఆ ఆదివారము ముందు వరుస మరల పాడినది. "శ్రుతి లేదు" అన్న సహోదరుడు వచ్చి, తల్లుల ప్రక్కన నిలిచి పాడినాడు.

ఇంకొక సంగతి. పెట్టెలు రెండు కలిసినంతనే అంతా సరికాదు. కీబోర్డులో సకు, గకు నడుమ 400 సెంట్లు ఉంటాయి. తంబురతో హాయిగా కలిసే గ 386 వద్ద ఉంటుంది. గమకమును పలికించుట మెట్లకు సాధ్యము కాదు. ఇట్టి కారణములచేతనే ఆలిండియా రేడియో 1940లో హార్మోనియమును నిషేధించి, 1971 వరకు దూరముగా ఉంచినది. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) కీర్తనలు వ్రాయనారంభించిన నాటికి హార్మోనియమే పుట్టలేదు. అది 1840 ప్రాంతమున పారిస్‌లో వెలసినది. కీర్తన ముందు గొంతుది, తరువాతనే పెట్టెది. కాబట్టి పెట్టెకు శ్రుతి 440 కావచ్చు, 452 కావచ్చు, సంఘమునకు మాత్రము ముసలివారు, పిల్లలు కూడా అందుకొనగలిగినదే శ్రుతి. ఒకటిన్నర అందకపోతే ఒకటికి దిగుదాము. అందులో చిన్నతనము లేదు.

అందుచేత ఈ శతవార్షిక సమయమున బాన్సువాడ పరిసర సంఘములన్నిటికి మా మనవి. మీ పెట్టెలో నడిమి ఆరవ తెల్ల మెట్టు ఎంత పలుకునో కొలిచి, ఆ అంకె ఒక కాగితము మీద వ్రాసి, మూత లోపల అంటించండి. కలిసి పాడే దినమున ముందు అంకెలు పోల్చుకొందాము. తేడా ఉంటే కొలుద్దాము. కొలవకముందు ఏ తల్లినిగాని, ఏ సంఘమునుగాని శ్రుతి లేనివారని అనకుందాము.