జాతకముతోపాటు రక్తమును చూడుడు



నేను ముప్పదియేండ్లకు పైగా బడిలో తెలుగు చెప్పినవాడను గాని వైద్యుడను గాను. నేడు చెప్పబోవు సంగతులు వైద్యులవలన నేర్చుకొన్నవి. వానిని చెప్పవలసిన కారణము మాత్రము నాది.

మన్యపుటంచుననున్న యొక బడిలో నా శిష్యురాలొకతె యుండెడిది. పద్యమొక్కసారి విన్న చాలును, అప్పగించెడిది. కాని నెలకు నాలుగైదు దినములు బడికి రాదు. అడిగినచో కీళ్ళు పీకుచున్నవనెడిది. నేనది సోమరితనమనుకొని యామెను బల్లమీద నిలువబెట్టితిని. యుక్తవయస్సు వచ్చిన పిదప మేనమామ కుమారునకిచ్చి వివాహము చేసిరి. జాతకములు చూచి పొత్తు కుదిరినదని చెప్పినవాడను నేనే. ఏడవ నెలలో నామెకు రొమ్మునొప్పియు నాయాసమును వచ్చెను. గాలి సోకినదని విభూతి పెట్టి యొక రాత్రి గడపిరి. తెల్లవారి ఆసుపత్రికి చేర్చునప్పటికి బిడ్డ దక్కలేదు. తల్లి బ్రతికెను. ఆమెది సికిల్ సెల్ అను కొడవలికణ వ్యాధి యని మాకప్పుడు తెలిసినది.

మన రక్తములోని యెర్రకణము గుండ్రముగను మెత్తగను ఉండి, సన్నని నాళములలో వంగి సాగిపోవును. సుమారు 120 దినములు జీవించును. ఈ వ్యాధియందు ప్రాణవాయువు తగ్గినపుడు కణము కొడవలివలె వంకర తిరిగి బిగుసుకొనును, 10 లేక 20 దినములకే నశించును. అందుచే రక్తము తరుగును, నాళములడ్డుపడి నొప్పులు పుట్టును. 1910లో చికాగో నగరమున హెర్రిక్ అను వైద్యుడీ వంకర కణములను మొదట వర్ణించెను. మన దేశమున 1952లో నీలగిరి కొండజాతులలో దీనిని కనుగొనిరి. మన పాడేరు, ఆదిలాబాదు ప్రాంతములందును ఇది కలదు.

ఇది శాపము కాదు, పాపఫలమును గాదు. తల్లినుండి యొక జన్యువు, తండ్రినుండి యొక జన్యువు బిడ్డకు వచ్చును. ఒక్కటే దోషయుక్తమైనవారు వాహకులు. వారు సామాన్యముగా నారోగ్యవంతులే. పైగా వారికి మలేరియానుండి కొంత రక్షణ కలుగును. కావుననే చలిజ్వరములు ప్రబలిన తావుల నీ జన్యువు నిలిచినది. వాహకులిద్దరు దంపతులైనచో ప్రతి కాన్పునందును నాలుగింట నొకపాలు బిడ్డ రోగి యగుటకు నవకాశము. మొదటి బిడ్డ రోగి యైనంతమాత్రమున తరువాతి ముగ్గురును క్షేమమనుకొనరాదు. థలసీమియాయు నిట్టిదే. దాని వాహకులు మన దేశమున నూటికి ముగ్గురు నలుగురుందురు, అది కొండజాతులకు మాత్రమే పరిమితము కాదు.

ఇక మన యాచారమును తలపోయుడు. ఒకే తాతగారి రక్తము మేనబావయందును మేనమరదలియందును ఉండును గదా! ఆయనయందొక దోషజన్యువున్నచో అది యిరువురికిని సంక్రమించి యుండవచ్చును. అందుచేత మేనరికమునందును, మేనమామకే పిల్లనిచ్చుటయందును, అపాయము హెచ్చు. నేను గణములు చూచితిని, నాడులు చూచితిని, రక్తము చూడనైతిని.

వ్యాధి గల స్త్రీ తల్లి కాకూడదా? కావచ్చును, కాని జాగ్రత్త మిక్కిలి కావలెను. గర్భమునకు పూర్వమే వైద్యునితో నాలోచింపవలెను. హైడ్రాక్సీయూరియా వాడుచున్నచో ఆ సంగతి తప్పక చెప్పవలెను. భర్త రక్తమును పరీక్షింపవలెను. ఇద్దరికిని దోషమున్నచో, గర్భమున బిడ్డ స్థితిని 11వ వారము మొదలు పరీక్షించి తెలిసికొనవచ్చును. ఫోలిక్ ఆమ్లపు మాత్ర ప్రతిదినము వైద్యుడు చెప్పిన మోతాదున వాడవలెను. ఇనుపమాత్రలను రక్తపరీక్ష ననుసరించియే వాడవలెను, ఏలయన పలుమార్లు రక్తమెక్కించుకొన్నవారి దేహమున నినుము పేరుకొని యుండవచ్చును. నీరు సమృద్ధిగా త్రాగవలెను, చలికి నోర్వరాదు, ఎండలో నలసిపోవు పని మానవలెను. రక్తపుపోటును, బిడ్డ యెదుగుదలను తరచుగా చూపించుకొనవలెను. జ్వరము, రొమ్మునొప్పి, ఆయాసము, తీవ్రమైన కీళ్ళనొప్పి, వీనిలో నేది వచ్చినను తెల్లవారుదాక నిలువరాదు. కాన్పు రక్తము దొరకు ఆసుపత్రియందే జరుగవలెను. పుట్టిన బిడ్డకును పరీక్ష చేయింపవలెను.

2023 జూలై 1న మధ్యప్రదేశములోని షాడోల్ నందు దేశవ్యాప్తమైన సికిల్ సెల్ నిర్మూలనోద్యమమారంభమైనది. 2047 నాటికి నీ వ్యాధి ప్రజారోగ్య సమస్యగా నుండరాదని దాని సంకల్పము. నలువదియేండ్లలోపు వారికి పరీక్షలు చేయుచు, ఫలితము వ్రాసిన కార్డు లిచ్చుచున్నారు. పొత్తులు చూచునపుడు జాతకముతోపాటు ఆ కార్డును కూడ నడుగుడు. వాహకుడని తెలిసినవానిని గాని, వాహకురాలిని గాని, వెలివేయకుడు. ఆ మాట దాచుటవలననే కీడు గాని, కలిగియుండుటవలన గాదు. కోడలి గర్భము నిలువకపోయిన నామెను నిందింపకుడు. జన్యువు తండ్రివైపునను ఉండవచ్చును.

నా శిష్యురాలు తరువాత వైద్యుల పర్యవేక్షణలో రెండవ బిడ్డను కనెను. భర్త వాహకుడేయైనను, బిడ్డ వాహకుడు మాత్రమే, రోగి గాడు. నామకరణమునాడు నన్ను పిలిచి, ‘మాస్టారూ, ఈసారి మీరు వీనిని బల్లమీద నిలువబెట్టకుడు’ అని నవ్వినది. నేను నవ్వలేకపోతిని. ఆ నవ్వుకు ప్రత్యుత్తరముగా నీ నాలుగు మాటలు మీకు విన్నవించుకొంటిని.

సెలవు.