నలుగురి ముందు ఇరికించే ప్రశ్న వస్తే ఏం చేయాలె?

  ఇవాళ్టి ముచ్చట ఏందంటే, నలుగురి ముందు ఎవరన్నా మనల్ని ఇరికించే ప్రశ్న అడిగితే ఏం చేయాలె?

దీన్నే ఉద్యోగంగా చేసేవాళ్లు ఉన్నారు. వాళ్లే దౌత్యవేత్తలు. వాళ్లు ఒక్క మాట జారితే అది దేశం మాట అయిపోతది. అందుకే ముందు వాళ్ల దగ్గరికి పోదాం, తర్వాత మన బొగ్గుబాయి గేటు దగ్గరికి వద్దాం.

2019 ఆగస్టు 16, న్యూయార్క్. అంతకు పదకొండు రోజుల ముందే మన ప్రభుత్వం కశ్మీర్‌కు ఉన్న ఆర్టికల్ 370 ప్రత్యేక హోదాను తీసేసింది. దాని మీద ఐక్యరాజ్య సమితి భద్రతా మండలిలో తలుపులు మూసుకొని చర్చ జరిగింది. బయట మైకుల ముందు చైనా రాయబారి, పాకిస్తాన్ రాయబారి తమ మాట చెప్పి, ప్రశ్నలు తీసుకోకుండా వెళ్లిపోయారు. తర్వాత వచ్చింది మన హైదరాబాదీ, సయ్యద్ అక్బరుద్దీన్. అప్పుడు ఐరాసలో భారత శాశ్వత ప్రతినిధి ఆయనే. ప్రశ్నలు తీసుకుంటానన్నారు. అవకాశం కూడా ముందు పాకిస్తానీ జర్నలిస్టులకే ఇచ్చారు.

ఒకాయన సూటిగా అడిగారు, పాకిస్తాన్‌తో చర్చలు ఎప్పుడు మొదలుపెడతారని. అక్బరుద్దీన్ మైకు వదిలి నడుచుకుంటూ వాళ్ల దగ్గరికి పోయి, ఇక్కడి నుంచే మొదలుపెడతా అన్నట్టు ముగ్గురికీ షేక్ హ్యాండ్ ఇచ్చారు. అక్కడున్నవాళ్లు నవ్వేశారు. తిరిగి మైకు దగ్గరికొచ్చి, సిమ్లా ఒప్పందానికి కట్టుబడి ఉన్నామని చెప్పి మేం స్నేహహస్తం ముందే చాచాం, ఇక పాకిస్తాన్ వైపు నుంచి జవాబు రావాలె అన్నారు.

ఆ వీడియో వాట్సాప్‌లో మస్తు తిరిగింది. కానీ చప్పట్లు కొట్టే ముందు ఒకటి ఆలోచించండి. అడిగింది 'ఎప్పుడు' అని. తేదీ చెప్పిండా? లేదు. మరి ఇది తప్పించుకోవడమే కదా అని మీరు అనొచ్చు. కొంత నిజమే. షేక్ హ్యాండ్ అంటే చర్చలు కాదు. కానీ ఆయన అబద్ధం చెప్పలేదు, అడిగినాయన్ను చిన్నబుచ్చలేదు, తన దేశం వైఖరి ఏందో దాచలేదు. మనిషికి చెయ్యి ఇచ్చిండు, వైఖరిని మాత్రం ఇంచు కూడా జరపలేదు. మనిషి వేరు, వాదన వేరు అని చూపించిండు. నేర్చుకోవాల్సింది అదే.

ఇప్పుడు దీనికి ఉల్టా కేసు. పీట్ హోక్‌స్ట్రా, అప్పట్లో నెదర్లాండ్స్‌కు అమెరికా రాయబారి. ఆ పదవిలోకి రాకముందు, 2015లో, నెదర్లాండ్స్‌లో జనం అడుగుపెట్టలేని ఏరియాలు ఉన్నాయని, అక్కడ రాజకీయ నాయకులను తగలబెడుతున్నారని అన్నాడు. 2017 డిసెంబర్‌లో డచ్ టీవీ విలేకరి దాని గురించి అడిగితే, నేను అనలేదు, అది ఫేక్ న్యూస్ అన్నాడు. విలేకరి వీడియో చూపించిండు. కాసేపటికి, అసలు ఫేక్ న్యూస్ అనే మాటే నేను వాడలేదన్నాడు. అదే ఇంటర్వ్యూలో, కెమెరా తిరుగుతుండగానే! 2018 జనవరిలో మొదటి ప్రెస్ మీట్ పెడితే విలేకరులు ఒకరి తర్వాత ఒకరు అదే ప్రశ్న అడిగారు. ఆఖరికి తన మాట తప్పేనని ఒప్పుకోక తప్పలేదు. ఆ ఒప్పుకోవడమేదో మొదటి రోజే చేస్తే ఒక్క నిమిషంలో అయిపోయేది.

సరే, ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. సింగరేణిలో 2023 డిసెంబర్ 27న గుర్తింపు సంఘం ఎన్నికలు జరిగాయి, ఏఐటీయూసీ గెలిచింది. ఎన్నికలంటే మనకు గేట్ మీటింగులే కదా. అక్కడ ఏ సంఘం నాయకుడికైనా తప్పని ప్రశ్న ఒకటుంటది: "అన్నా, పోయినసారి గూడ గిదే చెప్పినవ్. మారుపేర్ల సంగతి ఏమైంది?" తండ్రి వేరే పేరు మీద పనిచేసిన పాపానికి కొడుకు ఉద్యోగం ఆగిపోయిన ఇంటి నుంచి వచ్చే ప్రశ్న అది. గొంతు గట్టిగానే ఉంటది. "నిన్ను ఎవడు పంపిండో నాకు తెల్సు" అని నాయకుడు అన్నాడంటే, ఆ మీటింగ్ అక్కడికే ఖతం. "అయినకాడికి ఇది, కానిది ఇది, ఎక్కడ ఆగిందంటే ఇక్కడ" అని చెప్తే కోపం తగ్గకపోవచ్చు, కానీ మాట నిలబడతది.

ఓపెన్‌కాస్ట్ కోసం పెట్టే ప్రజాభిప్రాయ సేకరణ కూడా అంతే. 2006 ఈఐఏ నోటిఫికేషన్ ప్రకారం కలెక్టర్ లేదా ఆయన ప్రతినిధి ముందు, అక్కడికి వచ్చిన ప్రతి ఒక్కరికీ కంపెనీని అడిగే హక్కుంది. మొత్తం వీడియో తీయాలె. చివర్లో సారాంశాన్ని జనం భాషలో చదివి వినిపించాలె. భూమి పోయే మనిషి మర్యాదగా అడగలేదని అధికారి అలిగితే ఎట్లా? ఆయనకు పోయేది భూమి, ఈయనకు తగిలేది మాట మాత్రమే. రెండూ ఒక్కటి కావు.

అందుకే గుర్తుపెట్టుకోండి. ఎంత మొరటు ప్రశ్నలోనైనా ఒక అసలు ప్రశ్న ఉంటది. దాన్ని ఏరుకొని దానికే జవాబియ్యండి. రికార్డులో ఉన్నదాన్ని కాదనకండి. చెప్పలేనిది ఉంటే, చెప్పలేను అని, ఎందుకో కూడా చెప్పండి. మనిషిని అవమానించడానికే అడిగిన ప్రశ్న అయితే, కులం మీదనో, ఆడపిల్ల బట్టల మీదనో అడిగితే, నవ్వి ఊరుకోవాల్సిన పనిలేదు. "దీనికి జవాబియ్యను, పని గురించి అడగండి" అనండి, చాలు. అది కూడా జవాబే.

రేపు ఇంటర్వ్యూలో "బీటెక్ అయిపోయి మూడేండ్లు ఖాళీగా ఉన్నవా?" అని అడిగితే, మీరేం చెప్తారు? కింద కామెంట్‌లో రాయండి. మంచి జవాబులు వచ్చే ఎపిసోడ్‌లో చదువుకుందాం. ఉంటా మరి, నమస్తే.