నవలలో మన పల్లె ఎక్కడుంది?

(ఒక పల్లెలో పుస్తకాల గది తెరిచిన సందర్భంగా ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను నవల గురించి చెప్పమన్నారు. ఇందాక నేను వస్తుంటే ఒక పెద్దాయన అడిగాడు: "అయ్యా పంతులూ, పట్టాలు తేలలేదు, శ్మశానానికి దారి లేదు. ఇప్పుడీ నవల గోలేంటి మనకి?" అని. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు చెప్పకుండా కూర్చోను.

మా నాయన పాలేరు. మా ఇంట్లో డిగ్రీ దాకా పోయినవాణ్ణి నేనే మొదలు. హైస్కూల్లో ఉన్నప్పుడు అద్దె పుస్తకాల బంకులో డిటెక్టివ్ నవలలు తెచ్చుకుని గుడ్డిదీపం కింద చదివేవాణ్ణి. కారు దిగే హీరో ఉండేవాడు, మేడ మీద హీరోయిన్ ఉండేది. మా నాయనలాంటి మనిషి ఆ పుస్తకాల్లోకి గేటు తియ్యడానికే వచ్చేవాడు. తీసి వెళ్లిపోయేవాడు. అది తప్పని అప్పుడు నాకు తోచనే లేదు.

తర్వాత డిగ్రీ క్లాసులో మాస్టారు బోర్డు మీద 'మాలపల్లి' అని రాశాడు. బోర్డు మీద ఉన్నది పుస్తకం పేరు. క్లాసులో తలలు తిరిగింది మాత్రం నా వైపు. ఆ రాత్రే ఆ పుస్తకం పట్టుకున్నాను. అప్పటినుంచి నవల అంటే నాకు పొద్దుపోయే వ్యవహారం కాదు.

నవల అనేది వచనంలో రాసిన పెద్ద కథ. కానీ పెద్దదైనంత మాత్రాన నవల కాదు. కథానిక ఒక సంఘటనను పట్టుకుంటుంది. నవల బతుకును పట్టుకుంటుంది, మనుషులు కాలంతోపాటు మారడం చూపిస్తుంది. పురాణంలో దేవుళ్లు, ప్రబంధంలో రాజులు కథ నడిపారు. మామూలు మనిషి పొట్టకూటి బాధ కూడా కథే అని ఒప్పుకున్నది నవల. తెలుగులో 1872లో 'శ్రీరంగరాజ చరిత్ర', 1880లో పుస్తకంగా వీరేశలింగం 'రాజశేఖర చరిత్ర' వచ్చాయి. వీరేశలింగం దాన్ని వచన ప్రబంధమన్నాడు. నవల అన్న పేరు కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రి పెట్టాడంటారు. అందులో రాజశేఖరుడు ధవళేశ్వరం బ్రాహ్మణ గృహస్థు. మామూలు మనిషి వచ్చాడు సరే, మన వీధి దాకా రాలేదు.

ఇక నవలకు ఉండాల్సిన అంగాలు. పరీక్షకు బట్టీ పట్టే పిల్లలకు వస్తువు, ఇతివృత్తం, పాత్రలు, నేపథ్యం, సంభాషణ, దృష్టికోణం అని చెప్తాం. మీకు 'మాలపల్లి'ని ముందు పెట్టుకునే చెప్తాను.

ఉన్నవ లక్ష్మీనారాయణ దీన్ని రాయవేలూరు జైల్లో ఉండి రాశాడు. 1922లో అచ్చయింది. వస్తువు అంటే దేని గురించి అన్నది: కూలి, కులం, స్వాతంత్ర్యం. ఇతివృత్తం అంటే ఏం జరిగింది, దేనివల్ల ఏది జరిగింది అన్నది. కూలి గొడవ వచ్చింది గనక సంగదాసు నిలబడ్డాడు. నిలబడ్డాడు గనక ఆసామి చౌదరయ్య చేతిలో చచ్చాడు. అన్యాయం కళ్లారా చూశాడు గనక తోడబుట్టిన వెంకటదాసు తిరగబడ్డాడు. ఈ 'గనక' తెగకుండా సాగితే ఇతివృత్తం గట్టిది.

పాత్రలు చూడండి. ఒకే ఇంట్లో తండ్రి రామదాసు వేదాంతం పట్టుకున్నాడు, ఒక కొడుకు సంఘం పట్టుకున్నాడు, ఇంకో కొడుకు ఆయుధం పట్టుకున్నాడు. ఒకే దెబ్బ తిన్న ముగ్గురు మూడు దారులు పోయారంటే వాళ్లు బొమ్మలు కాదు, మనుషులు. సంభాషణ కూడా గుంటూరు పల్లెల మాటే. పండితుల భాష పెత్తనం చేసే రోజుల్లో అదేం చిన్న సంగతి కాదు.

ఇప్పుడు అసలు కీలకం దగ్గరికి వస్తున్నాను. అది దృష్టికోణం. అంటే ఎవరి కళ్లతో చూస్తున్నామన్నది. ఊరు గుడి అరుగు మీద నుంచి ఒక రకంగా కనపడుద్ది, పల్లె నుంచి చూస్తే ఇంకో రకంగా కనపడుద్ది. ఉన్నవ పెద్దమనసున్నవాడు, మన బాధకు బాధపడ్డాడు. ఆయన రుణం మనకుంది. అయినా రామదాసుని పరమ భక్తుడిగా, ఆచారపరుడిగా చూపిస్తేనే లోకం అతన్ని గౌరవిస్తుందన్నట్టు రాశాడని నాకనిపిస్తుంది. మంచి మాలవాడికి మాత్రమే న్యాయమా? తాగేవాడికి, తిట్టేవాడికి, గొడ్డుమాంసం తినేవాడికి న్యాయం అక్కర్లేదా?

ఈ ప్రశ్నకు జవాబు తర్వాత మనవాళ్ల నవలల్లోంచి వచ్చింది. జి. కళ్యాణరావు 'అంటరాని వసంతం' 2000లో పుస్తకంగా వచ్చింది. అందులో కథంతా రూతు అనే ఆమె జ్ఞాపకం. ఎల్లన్న ఆట, పాట దగ్గర మొదలై తరాలు నడుస్తాయి. కరువులో శివయ్య బకింగ్‌హామ్ కాలువ తవ్వే పనికి పోతే, అంటరానివాళ్లని అక్కడినుంచీ తరిమేస్తారు. కాలువ పొడవెంతో సర్కారు రికార్డులో దొరుకుద్ది. ఆకలితో పోయినవాణ్ణి పార ముట్టుకోనివ్వకపోతే ఎట్టుంటదో నవలలో దొరుకుద్ది. వేముల ఎల్లయ్య 'కక్క' అయితే తెలంగాణ మాదిగవాడ మాటలోనే నడిచింది.

నవలల్లో రకాలున్నాయి. రాజుల కాలం రాస్తే చారిత్రకం, బాపిరాజు 'గోన గన్నారెడ్డి' లాగా. మనసు లోపలి పెనుగులాట రాస్తే మనోవైజ్ఞానికం, బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' లాగా. నేరం ఎవరు చేశారని వెతికితే అపరాధ పరిశోధనం. సంఘంలోని సమస్య రాస్తే సాంఘికం. కాలం ఎంతైనా ఉండొచ్చు. ముల్క్ రాజ్ ఆనంద్ 1935లో అచ్చయిన తన నవలలో బాఖా అనే పాకీ కుర్రాడి ఒక్క రోజునే రాశాడు. ఒక్క పొద్దులో వెయ్యేళ్ల అంటరానితనం కనపడింది.

ఇప్పుడు పెద్దాయనకు జవాబు. అయ్యా, 'మాలపల్లి'ని మద్రాసు ప్రభుత్వం 1923లో నిషేధించింది. 1928లో కొన్ని భాగాలు తీసేయించి వదిలింది. 1936లో మళ్లీ నిషేధించింది. 1937లో కాంగ్రెసు మంత్రివర్గం వచ్చాక ఆ నిషేధం పోయింది. ఎందుకూ పనికిరాని కాగితాలకి అంత పెద్ద సర్కారు రెండుసార్లు భయపడుద్దా? నవల పట్టా ఇప్పించదు, నిజమే. కానీ పట్టా అడిగేవాడు ఎవరో, వాడి తాత ఏ చెరువు తవ్వాడో, ఏ దెబ్బ తిన్నాడో పోకుండా దాస్తుంది. ఆ సంగతి మర్చిపోయినవాడు అడగడం కూడా మర్చిపోతాడు.

ఒక మాట చెప్పుకోవాలి. మా అమ్మ పోయి మూడేళ్లయింది. నాట్లేస్తూ, కలుపు తీస్తూ చెప్పిన సంగతులు ఎన్నో ఆమె దగ్గరున్నాయి. నేను బళ్లో నవలా లక్షణాలు చెప్పుకుంటూ తిరిగాను గానీ, నోటుబుక్కు పట్టుకుని ఆమె పక్కన ఒక్క పూట కూర్చోలేదు. ఆ నవల ఆమెతోనే పోయింది. తప్పు నాది.

మీరు ఆ తప్పు చెయ్యొద్దు. ఈ గదిలో వచ్చే ఆదివారం నుంచి 'అంటరాని వసంతం' గొంతెత్తి చదువుకుందాం. చదువురాని అమ్మలు ముందు వరసలో కూర్చోవాలి. చదువుకున్న ప్రతి తమ్ముడూ, చెల్లీ ఒక నోటుబుక్కు కొనుక్కుని ఇంట్లో ముసలామె చెప్పింది చెప్పినట్టు రాయాలి. ఆమె భాష దిద్దొద్దు. శ్మశానం దారి సంగతి మాత్రం ఆ పెద్దాయన దగ్గరే మొదలెట్టండి. రేపు ఆఫీసుకు ఇచ్చే అర్జీకీ అది పనికొస్తుంది, ఎల్లుండి మీలో ఒకరు రాసే నవలకీ పనికొస్తుంది.

జై భీమ్.