రూట్ కెనాల్ అయిపోయింది, నొప్పి పోయింది... మళ్లీ క్యాప్ ఎందుకు?

"రూట్ కెనాల్ చేయించుకున్నా, నొప్పి పోయింది. ఇంకా క్యాప్‌కి డబ్బులెందుకు పెట్టాలి?" చాలామంది అడిగే ప్రశ్న ఇది. ఈ రోజు దీని గురించే మాట్లాడుకుందాం.

రూట్ కెనాల్‌లో పాడైన నరాన్ని తీసేసి, వేరు లోపల శుభ్రం చేసి సీల్ చేస్తారు. నొప్పి పోతుంది. కానీ పన్నుకి పోయిన బలం తిరిగి రాదు. పుచ్చు ఇప్పటికే కొంత తినేసింది, లోపలికి దారి కోసం డాక్టర్ ఇంకొంత తొలిచారు. ఇక మిగిలింది పల్చటి గోడలే. దవడ పన్నయితే నమిలే భారమంతా వాటి మీదే పడుతుంది.

ఓ రోజు గట్టి సకినం కొరుకుతారు, టక్‌మని విరుగుతుంది. పైముక్క ఒక్కటే పోతే బాగు చేయొచ్చు. చీలిక నిలువుగా వేరులోకి దిగిందంటే మాత్రం చాలాసార్లు పన్ను తీసేయాల్సిందే. రూట్ కెనాల్ డబ్బులు పోయినట్టే, పైగా బ్రిడ్జో ఇంప్లాంటో అదనపు ఖర్చు.

ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా వేస్తారు కదా, చెక్క విడిపోకుండా? క్యాప్ చేసే పనీ అదే.

ఎలా పెడతారు? పన్నుని చుట్టూ, పైనా కొద్దిగా, సాధారణంగా 1 నుంచి 2 మిల్లీమీటర్లు అరగదీస్తారు. కొలత తీసుకుని ల్యాబ్‌కి పంపిస్తారు. అది వచ్చేదాకా టెంపరరీ క్యాప్ ఉంటుంది, పల్లీ చిక్కీ లాంటివి ఆ వైపు నమలొద్దు. తర్వాత రంగు కాగితం కొరికించి ఎత్తు చూస్తారు. కొంచెం ఎత్తుగా అనిపించినా మొహమాటపడకుండా అప్పుడే చెప్పేయండి.

రకాల సంగతి: మెటల్ క్యాప్‌కి తక్కువ అరగదీస్తే చాలు, కానీ రంగు కనిపిస్తుంది. మెటల్ మీద సిరామిక్ వేసినదాంట్లో పైపొర పెచ్చు లేవొచ్చు. జిర్కోనియా పన్ను రంగులోనే ఉంటుంది, గట్టిది కూడా.

అందరికీ క్యాప్ కావాలా? లేదు. ముందు పన్ను అయ్యుండి, పెద్దగా పాడవకపోతే ఫిల్లింగ్‌తో సరిపోవచ్చు. అందుకే "నా పన్ను ఎంత మిగిలింది, ఎక్స్‌రేలో చూపించండి" అని డాక్టర్‌ని అడగండి.

డబ్బు సమస్యా? హైదరాబాద్, విజయవాడ, కడపలో ప్రభుత్వ డెంటల్ కాలేజీలున్నాయి, అక్కడ కనుక్కోండి. ఎన్నాళ్లు ఆగొచ్చో డాక్టర్‌నే అడగండి, అంతేగానీ వదిలేయొద్దు.

చివరిగా ఒక్క మాట. క్యాప్‌కి పుచ్చు పట్టదు, దాని అంచు కింద ఉన్న పన్నుకి పడుతుంది. నరం లేదు కాబట్టి లోపల జివ్వుమనదు, మీకు తెలియను కూడా తెలియదు. కాబట్టి చిగురు అంచు దాకా బ్రష్ చేయండి, అప్పుడప్పుడూ చెకప్‌కి వెళ్లండి.

రూట్ కెనాల్ చేయించుకుని క్యాప్ వాయిదా వేస్తున్న ఫ్రెండ్ ఉంటే వాళ్లకి ఇది పంపించండి.